పీత పట్టు విడువని ఎర

చెసపీక్ అఖాతపు రేవులలో కోడిమెడ మొదలు సజీవమైన మగపీత వరకు, నీలిపీతను రప్పించు ఎరల తారతమ్య విచారము

చెసపీక్ అఖాతమున చేతిత్రాటితో పీతను పట్టువాని వద్ద గాలము ఉండదు. కొసకు ఒక కోడిమెడయు, అది నీట మునుగుటకు చాలినంత సీసపుగుండును కట్టిన త్రాడు ఒకటి, పొడుగాటి పిడిగల చేతివల ఒకటి, ఇంతియే అతని సామగ్రి. నీటి అడుగున మెడను దొరకబుచ్చుకొన్న పీత, త్రాడు మెల్లమెల్లగా పైకి లాగబడుచున్నను, తన చీకటిని విడిచి వెలుతురులోనికి పోవుచున్నానని ఎరుగక, డెక్కలతో పట్టిన మాంసమును విడువనొల్లక, దానితోపాటు పైకి తేలివచ్చును. నీటిమట్టమునకు జానెడు లోతున దాని నీలిడెక్కలు మసకగా కనబడినప్పుడు, వెనుకనుండి వలను దూర్చి ఎత్తవలెను. ఇచట పీతను బంధించునది దాని పట్టుదల ఒక్కటియే. కావున ఈ వేటలో ఎరకున్నంత ప్రాధాన్యము చేపల వేటలో లేదు; చేపకు ఎర ఆశ చూపును, ఆపై పని గాలము చూచుకొనును; పీత విషయమున ఆ రెండు పనులును ఎరయే చేయవలెను.

ఈ అఖాతము అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నదీముఖ జలాశయములన్నిటిలోను పెద్దది. ఉత్తరమున సస్క్వెహానా నది వచ్చి కలియు హేవర్ డి గ్రేస్ పట్టణము మొదలుకొని, దక్షిణమున వర్జీనియా తీరమున అట్లాంటిక్ మహాసముద్రమునకు తెరచుకొన్న మొగ వరకు, రమారమి 320 కిలోమీటర్ల పొడవున వ్యాపించి, 150కి పైగా నదులను ఏరులను తనలో కలుపుకొనుచు, అంత విశాలమైనను సగటున 21 అడుగుల లోతు మాత్రమే గలిగి, ఒక కొసన మంచినీరు, ఒక కొసన ఉప్పునీరు, నడుమ ఆ రెండింటి సమస్త మిశ్రమములును గల ఈ జలరాశి నీలిపీతకు అనాదిగా నివాసము. 1896లో మేరీ రాత్‌బన్ అను అమెరికను శాస్త్రజ్ఞురాలు కాలినెక్టిస్ సాపిడస్ అని నామకరణము చేసిన ఈ పీత, మన కోరంగి మడ అడవులలోని మండపీతకును, బంగాళాఖాతమున వలలకు చిక్కు సముద్రపు ఈతపీతలకును దగ్గరి చుట్టము. చివరి కాళ్ళజత తెడ్లవలె చదునై ఈదుటకు పనికివచ్చు పోర్ట్యునిడే కుటుంబమునకే ఇవి యన్నియు చెందును. మేరీలండ్ రాష్ట్రము 1989లో దీనిని తన రాష్ట్రచిహ్నములలో ఒకటిగా ప్రకటించుకొన్నది. వాషింగ్టన్ నగరపు శివారులలో స్థిరపడిన తెలుగువారిలో, గోదావరి పాయల మీదనో కృష్ణ మొగల వద్దనో బాల్యము గడపి, పీతల పులుసు రుచిని నేటికిని మరువజాలనివారు, కెంట్ ద్వీపపు రోమన్‌కోక్ రేవు మీదనో, పటక్సెంట్ నది కలియుచోట సాలమన్స్ రేవు మీదనో ఒక వేసవి ఆదివారము గడపినచో, పాత అలవాటునకు క్రొత్త నీరు దొరకినట్లగును.

ఎరను ఎన్నుకొనువాడు మొదట ఎరుగవలసినది, పీత ఆ ఎరను ఎట్లు కనుగొనునో. దాని కన్నులు కాడలపై నిలిచి నలుదిక్కులు చూచుచున్నను, వేసవిలో చెసపీక్ నీరు నాచుతోను మట్టితోను కలకబారి యుండుటచే, ఆహారాన్వేషణమున కన్నుల సాయము స్వల్పము. దానికి దారిచూపునది వాసన. కన్నుల నడుమ నున్న చిన్న మీసముల జతపై అమరిన సూక్ష్మరోమములు, నీటిలో కరగిన మాంసరసములను, ముఖ్యముగా అమైనో ఆమ్లములను, పసిగట్టును. ఆ మీసములను పీత ఎడతెగక విదిలించుచు, ఒక్కొక్క విదలింపుతో ఒక్కొక్క క్రొత్తనీటి పొరను ఆఘ్రాణించును. కాళ్ళ కొసలయందును రుచి తెలిసికొను రోమములు గలవు. అనగా అది నడచుచునే నేలను రుచి చూచుచుండును. వైస్‌బర్గ్, జిమ్మర్-ఫాస్ట్ అను శాస్త్రజ్ఞులు 1993, 1994 సంవత్సరములలో ప్రచురించిన పరిశోధనలు, గుల్లల వాసనను ఈ పీతలు వెంబడించు తీరును ప్రవాహపు తొట్టెలలో పరిశీలించినవి. నీరు బొత్తిగా నిలిచియున్నచో పీతకు దిక్కు తెలియదు. మెల్లని ప్రవాహమున్నచో వాసనకు ఎదురేగి మూలమును చేరును. ప్రవాహము వడియై సుడులు పడినచో వాసన చెదరిపోయి, దారి మరల తప్పును. రేవు మీద నిలిచి, ఎర మంచిదేయైనను పీత రాలేదని విసుగుకొనువారు, ఆ సమయమున పోటుపాట్ల స్థితి ఎట్లున్నదో ఒక్కసారి చూచుకొనుట మేలు.

దీనిని బట్టి ఎరకు రెండు ధర్మములు తేలుచున్నవి. ఒకటి పిలుచుట, రెండవది నిలుపుట. పిలుచుటకు మాంసము మెత్తనై, రసవంతమై, నీటిలో త్వరగా ఊరునది కావలెను. నిలుపుటకు అది గట్టిదై, నరములతో ఎముకలతో పెనవేసికొని, డెక్కలకు ఒకపట్టున లొంగనిది కావలెను. ఈ రెండును పరస్పర విరుద్ధములు. బాగుగా పిలుచు ఎర త్వరగా కరగిపోవును. బాగుగా నిలుపు ఎర సన్నగా పిలుచును. ఎరలను గురించి రేవులపై జరుగు తర్కములన్నియు, పరికించి చూచినచో, ఈ విరోధము నుండి పుట్టినవే. ఒకరు పిలుపును మెచ్చుకొందురు, ఒకరు నిలుపును మెచ్చుకొందురు, ఇరువురును తమ తమ పనిముట్టునకు తగిన మాటయే చెప్పుదురు. ఉత్తమమైన ఎర ఏదియని విడిగా అడుగుటలో ప్రయోజనము లేదు. ఏ సాధనమునకు, ఏ నీటికి, ఎంతసేపటికి అని అడిగినప్పుడే ఆ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఇచట ఒక అపోహను తొలగింపవలసి యున్నది. పీత కుళ్ళినదానిని తిను జంతువు గావున, ఎండలో పెట్టి మురుగజేసిన మాంసమే దానికి ప్రీతియని చెప్పువారు ఎక్కడనైనను ఉందురు. దుర్గంధము ఎంత ఘాటైన అంత మంచిదని వారి నమ్మకము. నేను దీనిని అంగీకరింపజాలను. నీలిపీత మృతమాంసమును తినుట నిజమే. కాని దాని నిత్యాహారము సజీవములైన గుల్లలు, నత్తలు, చిన్న చేపలు, పురుగులు, ఆకలి ముదిరినప్పుడు తన జాతివే యైన పిల్లపీతలు. తాజా మాంసమునుండి ఊరు రసములే దానిని రప్పించును. కుళ్ళుటతో మాంసము పీచుపీచై చెదరి, నిలుపుశక్తిని పోగొట్టుకొనుటయే గాక, పిలుచు రసములు సైతము క్షీణించి, వాని స్థానమున అమోనియా వంటివి పేరుకొనును. గాలిలో వ్యాపించి మనుష్యుని ముక్కు మూయించు వాసన వేరు, నీటిలో కరగి పీతకు కబురు చేర్చు రసము వేరు. మంచులో ఉంచి తెచ్చిన మాంసమునకును, ఎండలో ఉడికిన మాంసమునకును ప్రక్కప్రక్కన రెండు త్రాళ్ళు వేసి చూచినవారు ఈ విషయమును స్వయముగా నిర్ణయించుకొనగలరు.

కోడిమెడ కథ

అఖాతమునకు తూర్పున, డెలావేర్ రాష్ట్రమును, మేరీలండ్ వర్జీనియాల తూర్పుభాగములును కలిసిన డెల్మార్వా ద్వీపకల్పము కలదు. 1923లో డెలావేర్‌లోని ఓషన్ వ్యూ గ్రామమున సెసీల్ స్టీల్ అను గృహిణి గ్రుడ్లకొరకు 50 కోడిపిల్లలు కావలెనని కోరగా, పొరపాటున 500 వచ్చినవి. ఆమె వానిని త్రిప్పి పంపక, పెంచి, మాంసమునకు అమ్మి, మరుసటి ఏడు అంతకు రెట్టింపు తెప్పించినది. ఆ చిన్న పొరపాటు నుండి పెరిగిన మాంసపుకోళ్ళ పరిశ్రమ నేడు ఆ ద్వీపకల్పమునకు ప్రధాన జీవనాధారము. అమెరికను గృహములలో రొమ్ము, తొడ, రెక్క భోజనమునకు చెల్లును గాని, మెడను కోరి కొనువారు తక్కువ. అట్లు మిగిలిన మెడలు చౌకగా దొరకుటయు, వేసవి పొడుగునను రేవుల సమీపపు అంగళ్ళలో గడ్డకట్టిన పొట్లములుగా అమ్ముడుపోవుటయు చేత, వినోదమునకై పీతలు పట్టువారికి అదియే ప్రథమమైన ఎరగా స్థిరపడినది. వృత్తిజాలరులు ఇట్టివారిని కోడిమెడలవారని కొంత చిన్నచూపుతోనే పిలుతురు. ఆ చిన్నచూపు న్యాయము కాదని నా అభిప్రాయము. చేతిత్రాటికి కోడిమెడను మించినది ఇంతవరకు దొరకలేదు.

కారణము స్పష్టము. మెడలో మాంసము కొద్దిగానే యున్నను, చిన్నచిన్న ఎముకల వరుసను చుట్టి నరములును, వానిపై చర్మమును, దాని క్రింద క్రొవ్వును పొరలు పొరలుగా నుండును. పీత డెక్కతో ఎంత లాగినను ముక్క ఊడిరాదు. చీల్చుకొని పారిపోవలెనన్న వీలుపడదు. అచటనే కూర్చుండి పీకుకొనవలెను. ఆ పీకులాటయే పట్టువానికి అవకాశము. చర్మము తీసిన మెడకంటె చర్మముతోనున్న మెడ మేలు. కొన్ని చోట్ల టర్కీకోడి మెడలు దొరకును. అవి పెద్దవి, మరింత దృఢమైనవి, ఎక్కువసేపు నిలుచునవి. అయితే పీత మెడయొక్క ఆవలి ప్రక్కన పట్టుకొని యున్నప్పుడు వలకు అడ్డువచ్చుట గలదు. రొమ్ముమాంసమును, మెత్తని తొడముక్కలను కట్టుట వృథా. వానిని పీత క్షణములో తునకలు చేసికొని పోవును. మెడ ఎట్లున్నను, చాలసేపు నీట నానినపిమ్మట తెల్లబారి, ఉతికిన గుడ్డవలె నిస్సారమై కనబడినప్పుడు, ఇంకను గట్టిగానే యున్నదికదాయని దానితోనే కాలము గడపక, మార్చవలెను. అది నిలుపగలదు, కాని పిలువజాలదు.

ఈ పరిశ్రమను గురించి ఇంకొక మాట చెప్పక తప్పదు. ఎరను చౌకగా ఇచ్చిన కోళ్ళశాలలే అఖాతమునకు చేటును కూడ తెచ్చినవి. కోళ్ళ పెంటలోని నత్రజని, భాస్వరములు పొలముల మీదుగా ఏరులలోనికి, ఏరులనుండి అఖాతములోనికి చేరి, నగరముల మురుగుతోను ఇతర సేద్యపు ఎరువులతోను కలిసి, నాచును విపరీతముగా పెంచును. ఆ నాచు చచ్చి అడుగునకు దిగి కుళ్ళునప్పుడు, లోతునీటిలోని ప్రాణవాయువు హరించును. నడివేసవిలో అఖాతపు నడిభాగమున, లోతైన కాలువలలో, ప్రాణులు బ్రతుకలేని నీరు ఏటేట ఏర్పడుచున్నది. పీత ఆ నీటిని విడిచి ఒడ్డున మెరకలకు చేరును. లోతున్నచోట పెద్ద పీతలుండునని తలచి, జూలై ఆగస్టు నెలలలో త్రాడును నడిలోతులకు విసరువాడు, పీతలేని నీటిలో మాంసమును ముంచుచున్నాడు. అచట ఎర ఎంత గొప్పదైనను వినువారు లేరు.

త్రాటి బారు, ఎద్దు పెదవి

వై నది, మైల్స్ నది, చాప్‌టాంక్ నది మొదలగు తూర్పుతీరపు నదులలో, పడవగలవారు అవలంబించు పద్ధతి ట్రాట్‌లైన్. వందల అడుగుల పొడవుగల త్రాటికి నాలుగైదు అడుగులకొక ఎరను కట్టి, రెండు కొసలను లంగరులతో అడుగునకు దించి, పైన తేలుడుబుంగలతో గుర్తుంచి, తెల్లవారకమునుపే నేలపై పరచుదురు. మేరీలండ్‌లో అనుమతిపత్రము పొందిన వినోదవేటగాడు 1,200 అడుగుల వరకు ఇట్టి త్రాటిని వేయవచ్చును. పిమ్మట పడవ ప్రక్కన అమర్చిన చక్రముమీదుగా త్రాటిని ఎత్తుకొనుచు, ఒక కొసనుండి రెండవ కొసకు మెల్లగా సాగినచో, ఎరలను పట్టుకొన్న పీతలు ఒకదానివెంట ఒకటి పైకి లేచివచ్చును; తీగెవలతో ఒక్కొక్కదానిని అందుకొనవలెను. ఇచట ఎర ఒకసారి కట్టినచో ఉదయమంతయు, పలుమారులు ఎత్తిదించుటకు, పలు పీతల డెక్కలకు ఓర్చవలెను. అందుచేత త్రాటిబారున నిలుపుశక్తికే పట్టాభిషేకము.

పూర్వము ఈ పనికి ఉప్పులో ఊరవేసిన మలుగుచేప ముక్కలే వాడుక. పాములాంటి ఆ చేప చర్మము మిక్కిలి గట్టిది, కండ క్రొవ్వుగలది, ఉప్పుతో బిగుసుకొని దినముల తరబడి చెడక యుండును. పిలుపు, నిలుపు రెండును ఇంత సమముగా గల ఎర మరొకటి లేదనుట అతిశయోక్తి కాదు. కాని ఐరోపా, ఆసియా ఖండములలో మలుగును భోజనమునకు కొనువారు పెరిగినకొలది దాని వెల కూడ పెరిగినది. పీతకు వేయుటకంటె విదేశమునకు పంపుటయే లాభమైనది. అప్పుడు దాని స్థానమును ఆక్రమించినది ఎద్దుపెదవి. కబేళాలలో మిగులు ఎద్దుల, ఆవుల పెదవులను ముక్కలుగా కోసి ఉప్పునీటిలో ఊరవేసి అమ్ముదురు. చూచుటకు అది అసహ్యముగా తోచవచ్చును. కాని జీవితమంతయు గడ్డిని లాగి నమలిన కండ గావున, దానిని చీల్చుట పీతకు అసాధ్యము. అంగుళమంత ముక్క త్రాటిని విడువక వేటలు వేటలుగా నిలుచును. సాయంకాలము త్రాటిని మడచి ఉప్పునీటి పీపాలో ఉంచినచో మరల పనికివచ్చును. దాని లోపమల్లా పిలుపు మందము. ఉప్పు బిగువునకు లోబడిన మాంసము రసమును పిసినారితనముగా విడుచును. కనుక పీతలు సమృద్ధిగా నున్న నీటిలో ఎద్దుపెదవి అజేయము. అవి పలుచగా, దూరదూరముగా నున్న నీటిలో అది నమ్మదగిన ఎర కాదు.

పీతలు పలుచబడినప్పుడు తెలిసినవారు ఆశ్రయించునది గుల్ల. అఖాతపు బురదనేలలో నిలువుగా దిగబడి బ్రతుకు పొడవాటి రేజర్ గుల్లలు, పీతకు పరిచితమైన సహజాహారము. వాని చిప్ప పలుచన, మాంసము మెత్తన, రసము పుష్కలము. కొంచెము చిట్లగొట్టి నీట దించినచో, అది విడుచు రసము మెల్లని ప్రవాహముతో సాగి, కోడిమెడకు చెవియొగ్గని పీతలను గూడ కదలించును. నేనెరిగినంతలో పిలుపున దీనికి సాటి లేదు; దీనిని అడుగుననుండు పీత ఎన్నడును చూడని కోడిమాంసముతో పోల్చుటయే తగదు. అయితే నిలుపు బొత్తిగా శూన్యము. ఒట్టి గుల్లమాంసమును త్రాటికి కట్టినచో తొలి పీతయే దానిని ముగించును. ఈ చిక్కును తీర్చుటకు జాలరులు సన్నని వలసంచులను కల్పించిరి. గుల్లలను ఆ సంచిలో నింపి త్రాటికి కట్టినచో, రసము వెలుపలికి వచ్చును, మాంసము లోపలనే నిలుచును, పీత డెక్కలు వలకన్నులకు చిక్కుకొని మరింత పట్టుబడును. పిలుచుట ఒక వస్తువుచేతను, నిలుపుట మరియొక వస్తువుచేతను సాధించిన ఈ ఉపాయము నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచును. గుల్లలు వెలయెక్కువ, ఎండకు త్వరగా చచ్చును, అన్ని ఉదయములందును దొరకవు, తడిపిన గోనెక్రింద, మంచుపెట్టెలో, నిలువనీటిలో నానకుండ ఉంచవలెను.

బోను, నూనెచేప

బోనుకు న్యాయము వేరు. వర్జీనియాలోని హారీహోగన్ వాస్తవ్యుడైన బెంజమిన్ లూయిస్ 1928లో పేటెంటు పొంది, 1938లో సంస్కరించిన తీగెబోను నేటికిని అఖాతమంతట వాడుకలో నున్నది. ఘనచతురస్రమైన ఆ బోను అడుగుగదిలో, సన్నని కన్నుల తీగెగూటిలో ఎరను మూసి ఉంచుదురు. పీత గరాటువంటి ద్వారమున లోపల ప్రవేశించి, గూటిని ఎంత తడవినను మాంసము అందక, జంకినప్పుడు పైకి ఈదు తన స్వభావముచేత మీదిగదిలో చేరి, తిరిగి దిగు దారి యెరుగక అచటనే చిక్కుపడును. ఇచట నిలుపు భారమంతయు తీగెదే. ఎర కేవలము పిలువవలెను. కనుక త్రాటికి ఎంతమాత్రమును పనికిరాని మెన్‌హేడెన్ బోనునకు రాజు. మన కవళ్ళ జాతికి చెందిన ఈ చేప మిక్కిలి నూనెగలది, మెత్తనిది. త్రాటికి కట్టినచో గడియలో ఊడిపోవును, గూటిలో ఉంచినచో గడియ గడియకు నూనెను రసమును విడుచుచు రేయంతయు పిలుచును. వర్జీనియాలో అనుమతిపత్రము లేకయే మనిషికి రెండు బోనులు వినోదమునకై వేయవచ్చును. మేరీలండ్‌లో ఒడ్డున సొంత స్థలముగలవారికి మాత్రమే రెండు చెల్లును. వాని ద్వారములకు తాబేళ్ళు దూరకుండ చట్రము అమర్చుట విధి. డైమండ్‌బ్యాక్ అను ఆ తాబేలు ఊపిరికై నీటిపైకి రావలసిన ప్రాణి. చేపవాసనకు బోనులో దూరినచో మునిగి చచ్చును. ఎర పిలిచినప్పుడు పీతయొక్కటే వినదు.

బజారులో సుగంధపు గుళికలు, సువాసన తైలములు, డబ్బాలలో నింపిన ముద్దలు అమ్ముదురు. కొందరు పందిక్రొవ్వును, సాసేజీలను కట్టుదురు. వానితో పీత పడదని అనను. ఆకలిగొన్న పీత దేనిని పట్టుకొనినను ఆశ్చర్యము లేదు. వానికై ధనము వెచ్చింపనక్కరలేదు.

ఆహారము కాని ఎర

ఎరలన్నిటిలో నన్ను ఆశ్చర్యచకితుని చేయునది ఆహారమే కానిది. ఆడపీత తన జీవితమున తుది పెంకును విడుచు సమయమున మాత్రమే, ఒక్కసారి మాత్రమే, సంగమమునకు యోగ్యమగును. ఆ ఘడియ సమీపించినకొలది అది తిండి మాని, ప్రౌఢమైన మగపీతను వెదకికొనుచు పోవును. మగపీత దానిని తన క్రింద పొదివికొని దినముల తరబడి మోసికొని తిరుగుచు, పెంకు విడిచి మెత్తనైనప్పుడు కలిసి, క్రొత్త పెంకు గట్టిపడువరకు శత్రువుల వాత పడకుండ కాపాడును. జాలరులు ఈ మర్మమును గ్రహించి, మెత్తని పీతల వ్యాపారమునకై, బోనులో మాంసమేమియు ఉంచక, జిమ్మీ అని తాము పిలుచు బలిష్ఠమైన మగపీతను సజీవముగా ఉంచుదురు. కోడిమెడకుగాని, గుల్లకుగాని, నూనెచేపకుగాని కన్నెత్తి చూడని ఆడపీతలు వానియంతట అవి ఆ బోనులో ప్రవేశించును. ఆకలి ఒక్కటే ప్రాణులను నడపు శక్తియని తలచువారు ఈ బోనును చూడవలెను. వినోదవేటగానికి ఇది అనుకరణీయము కాదు. పెంకు విడువనున్న పీత ఎరను ముట్టదను సత్యమును మాత్రము దీనినుండి గ్రహింపవచ్చును. కొన్ని వారములలో పీతలన్నియు ఒక్కుమ్మడిగా కనుమరుగైనట్లుండి, వెనువెంటనే తేలికగా, నీరసముగా, కాళ్ళు నొక్కినచో లోనికి పోవునట్లు పట్టుబడుచున్నచో, అవి పెంకు మార్చుకొనుచున్నవని తెలియవలెను. ఎరను నిందింపరాదు. అట్లే చలికాలమున నీటి ఉష్ణము 10 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చినపిమ్మట పీత బురదలో పూడుకొని నిద్రాణమగును. అప్పుడు ఏ మాంసమునకును లేవదు.

ఎరకు విచక్షణ లేదు. అది చిన్నదానిని పెద్దదానిని, ఆడదానిని మగదానిని సమముగా పిలుచును; ఆ విచక్షణ వల పట్టిన చేతికి ఉండవలెను. మేరీలండ్‌లో వినోదవేటగాడు ప్రౌఢమైన ఆడపీతను ఉంచుకొనరాదు. మగపీతను కూడ ఏప్రిల్ మొదటి దినమునుండి జూలై 14 వరకు 5 అంగుళములు, ఆపైన 5¼ అంగుళములు వెడల్పున్నచోనే ఉంచుకొనవలెను. వెల్లకిలగా త్రిప్పి చూచినచో భేదము తెలియును: మగదాని పొట్టమీది మడత వాషింగ్టన్ స్మారకస్తంభమువలె సన్నగా నిలువుగా నుండును, ప్రౌఢ స్త్రీపీతది చట్టసభా భవనపు గుమ్మటమువలె గుండ్రముగా నుండును, ఆడపీత డెక్కల కొసలు గోరింట పెట్టినట్లు ఎఱ్ఱన. ఈ కట్టుబాటులను నేను మనఃపూర్వకముగా సమర్థింతును. సంగమమైన ఆడపీత మొగవైపు ప్రయాణించి, ఉప్పునీటిలో లక్షల కొలది గ్రుడ్లు పొదుగును. ఎగువ నదులలో మనకు దొరకు పీతలన్నియు ఆ ప్రయాణపు ఫలమే. 1990 నుండి మేరీలండ్, వర్జీనియా రాష్ట్రములు రెండును ప్రతి శీతకాలము నిద్రాణములైన పీతల సంఖ్యను అంచనా వేయుచున్నవి. 2022లో ఆ సంఖ్య 22 కోట్ల 70 లక్షలకు పడిపోయినది. అంతవరకు జరిగిన గణనలలో అదియే అల్పతమము. ఈ విషయమున కోడిమెడ త్రాటికి ఒక గుణము కలదు: గాలపు గాయము లేదు, బోను నిర్బంధము లేదు, వలనుండి జారవిడిచిన పీత చెక్కుచెదరక తన నీటిని చేరును.

రేవునకు తొలిసారి పోవువారు నన్ను సలహా యడిగినచో, చర్మముతోనున్న తాజా కోడిమెడలు కొని, మంచుపెట్టెలో తీసికొని, పోటు సగమెక్కి నీరు మెల్లగా కదలుచున్న వేళ, ఒడ్డునకు సమీపమున నాలుగైదు త్రాళ్ళు వేయుడని చెప్పుదును. దారిలోని అంగడిలో ఆ ఉదయమే తెచ్చిన రేజర్ గుల్లలు కనబడినచో, వెల చూచి వెనుదీయక, కొన్నిటిని కొని వలసంచిలో కట్టి ఒక త్రాటికైనను తగిలింపవలెను. పీతలను ఆ త్రాడు చేరువకు రప్పించును, ప్రక్కనున్న మెడలు వానిని పట్టి నిలుపును. పావుగంట గడచినను ఏ త్రాడును బిగియక, ప్రక్కకు జరుగక యున్నచో, ఎర మార్చుటకు తొందరపడక చోటు మార్చవలెను. పట్టిన పీతలుంచు బుట్టలో మెడముక్కలు పడనీయరాదు. బుట్టపై తడిగోనె కప్పి నీడనుంచవలెను, బకెట్టెడు నిలువనీటిలో ముంచినచో గాలియాడక చచ్చును, చచ్చిన పీత వంటకు పనికిరాదు. మిగిలిన మెడలకు ఉప్పు పట్టించి, మూత బిగించి, తినుబండారములకు దూరముగా శీతలపేటికలో దాచినచో, వచ్చు ఆదివారమునకు మరికొంత గట్టిపడి యుండును.